పంటి పూరణము - పద్య పూరణము

విజయవాడలో ఏలూరు రోడ్డునకు, బందరు రోడ్డునకు నడుమ గవర్నర్‌పేట ఉన్నది. దాని ప్రక్కనే సూర్యారావుపేట. ఈ రెండు పేటలలో వైద్యుని పేరు పలక కనబడని వీధి అరుదు. గుడివాడ, నూజివీడు, నందిగామ, అవనిగడ్డ ప్రాంతముల నుండి పంటి నొప్పితో బస్సు దిగినవారు దంతవైద్యుని వెదకుకొనుచు ఇక్కడికే వచ్చుదురు. అదే ఏలూరు రోడ్డు తెలుగు పుస్తకముల ప్రచురణకు, విక్రయమునకు పేరుపొందినది. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము 1914లో పుట్టినది కూడ ఈ నగరముననే. ఒక వంక పుచ్చిన పన్ను బాగుపడుచుండును. మరియొక వంక శిథిలమైన పాత కావ్యము తప్పులు దిద్దుకొని క్రొత్త అచ్చునకు సిద్ధమగుచుండును.

ఈ రెండు పనులకును తెలుగులో ఒకటే మాట చెల్లును: పూరణము. పంటిలో పడిన గుంటను నింపుట దంతపూరణము. జనులు దీనినే పన్నుకు సిమెంటు పెట్టించుకొనుట అందురు. కావ్యములో పోయిన భాగమును వ్రాసి నింపుటయు పూరణమే. అవధానములో పృచ్ఛకుడిచ్చిన పాదమునకు తక్కిన మూడు పాదములను కూర్చుట సమస్యాపూరణము. ఈ మూడింటిలోను ఒకరిదైన వస్తువులో మరియొకరు చేయి పెట్టుచున్నారు. పని ముగిసిన పిదప మూడు ప్రశ్నలు మిగులును. ఇందులో అసలు ఎంత? నింపినది ఎంత? నింపినవారెవరు? పంటి విషయములో వీనికి సరియైన జవాబు దొరకనిచో రోగికి నష్టము. గ్రంథము విషయములో దొరకనిచో చరిత్రకు నష్టము. రెండు చరిత్రలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో ఒకదానివలన మరియొకటి బోధపడును.

పన్ను తనంతట ఎందుకు పూడుకొనదు?

ఎముక విరిగినచో అతుకుకొనును. చర్మము తెగినచో మానును. పంటి గుంట మాత్రము మానదు. కారణము పంటి పై పొరలోనే ఉన్నది. చిగురుకు పైన కనబడు భాగమును కప్పియుండు పింగాణి పొర మన శరీరములో అన్నిటికంటె గట్టి పదార్థము. దాని బరువులో నూటికి సుమారు 96 పాళ్ళు ఖనిజమే. ఈ ఖనిజము కాల్షియము, ఫాస్ఫేటు కలిసిన హైడ్రాక్సీ అపటైటు. పొరను నిర్మించిన కణములు పన్ను చిగురును చీల్చుకొని బయటికి వచ్చుసరికే నశించిపోవును. ఇల్లు కట్టిన తాపీపనివారు పని ముగించుకొని ఊరు విడిచిపోయినట్లే. తరువాత గోడ బీట వారినచో కప్పుటకు లోపల ఎవరును ఉండరు.

పింగాణి క్రింద డెంటీను అను పసుపుపచ్చని పొర, దానికి నడుమ నరములు, రక్తనాళములు గల దంతమజ్జ ఉండును. నోటిలోని బాక్టీరియములు చక్కెరలను పులియజేసి ఆమ్లమును పుట్టించును. ఆ ఆమ్లము పింగాణిలోని ఖనిజమును కరగించును. బెర్లిను నగరములో పనిచేసిన అమెరికా దంతవైద్యుడు విలోబీ మిల్లర్ 1890లో ప్రకటించిన గ్రంథములో ఈ సంగతిని విశదపరచినాడు. పంటి ఉపరితలమున పి.హెచ్. విలువ సుమారు 5.5 కంటె తగ్గినచో పింగాణి కరగనారంభించునని తరువాత తేలినది. 1924లో ఇంగ్లండులో క్లార్క్ అను శాస్త్రజ్ఞుడు పుచ్చిన పండ్లనుండి స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ అను బాక్టీరియమును వేరుచేసినాడు.

తొలి దశలో పంటిపై సుద్ద వంటి తెల్లమచ్చ మాత్రమే కనబడును. అప్పటికి లాలాజలములోని ఖనిజములు, ఫ్లోరైడు కలిసి దానిని తిరిగి గట్టిపరచగలవు. గుంట పడిన తరువాత ఆ అవకాశము లేదు. పుచ్చిన భాగమును తొలగించి, ఆ చోటును మరియొక పదార్థముతో నింపవలసినదే. డెంటీను దాటి మజ్జకు చేరిన పిప్పికి పూరణము ఒక్కటే చాలదు. వేరులోని కాలువను కూడ శుభ్రపరచి మూసివేయవలసియుండును.

పేరు లేని తొలి పనివారు

పంటికి బెజ్జము వేయుట ఎంత పాతదో తెలిసినచో ఆశ్చర్యము కలుగును. బలూచిస్తానములోని మెహర్‌గఢ్ వద్ద, నేటికి 7,500 మొదలు 9,000 సంవత్సరముల నాటి శ్మశానములో, తొమ్మిదిమంది పెద్దవారి అస్థిపంజరములలో పదకొండు దవడ పండ్లకు సన్నని బెజ్జములు కనబడినవి. ఈ వృత్తాంతము 2006లో ప్రకటితమైనది. బెజ్జముల అంచులు నమలుటచేత అరిగి నునుపైనవి. కావున అవి బ్రతికియున్నవారికి వేసినవే. ఆ ఊరివారు పూసలకు బెజ్జము వేయుటలో నేర్పరులు. ఆ చెకుముకి తరుపణమునే పంటికి త్రిప్పియుండవచ్చునని పరిశోధకుల ఊహ. స్లొవేనియాలోని లోంచె అను చోట దొరికిన సుమారు 6,500 ఏండ్ల నాటి దవడలో పగిలిన పంటిపై తేనెమైనము అద్ది ఉన్నది. అది బ్రతికియుండగా అద్దినదా, మరణానంతరమా అను సందేహమును ఆ పరిశోధకులే 2012లో వెలిబుచ్చినారు. ఈ తొలి పనివారిలో ఎవరి పేరును మనకు చేరలేదు. చేసిన పని మాత్రము చేరినది.

మన వైద్య గ్రంథములలో సుశ్రుతసంహిత నోటి రోగములు 65 అని లెక్కించినది. అందులో పండ్లకు వచ్చునవి ఎనిమిది. వానిలో కృమిదంతము ఒకటి. నల్లని గుంటపడి, కదలుచు, కారణము లేకయే తీవ్రముగా నొచ్చు పన్ను అని దాని లక్షణము. వాగ్భటుని అష్టాంగహృదయములో ఆ గుంటను బెల్లముతో గాని మైనముతో గాని నింపి, కాల్చిన శలాకతో వాతపెట్టవలెనని చెప్పబడినది. ఇది చికిత్సయే గాని నిలుకడగల పూరణము కాదు. అయినను గుంటను నింపవలెనను భావము అక్కడ స్పష్టముగా ఉన్నది.

పంటిలో పురుగు తొలుచుననుట మన దేశమునకే పరిమితమైన నమ్మకము కాదు. బాబిలోనియావారును అట్లే నమ్మినారు. ఫ్రాన్సు దేశపు పియెర్ ఫోషార్ సూక్ష్మదర్శినితో వెదకి తనకు పురుగు కనబడలేదని వ్రాసినాడు. 1728లో రెండు సంపుటములుగా వెలువడిన అతని గ్రంథము ఆధునిక దంతవైద్యమునకు పునాది. అంతవరకు పండ్లు బాగుచేయువారు తమ పద్ధతులను ఇంటి రహస్యములుగా దాచుకొనెడివారు. ఫోషార్ తాను ఎరిగినదంతయు అచ్చువేసి అందరి ముందు పెట్టినాడు. దంతవైద్యములో గ్రంథకర్త అనదగినవాడు స్పష్టముగా కనబడినది ఇక్కడనే. దాచుకొన్న పనికి యజమాని ఉండును. ప్రకటించిన పనికి కర్త ఉండును.

వెండి, బంగారము, పేటెంటు

పాదరసములో వెండి, తగరము కలిపిన ముద్ద కొద్దిసేపు మెత్తగా ఉండి పిదప గట్టిపడును. చీనా దేశములో క్రీ.శ. 659 నాటి ఔషధ గ్రంథములో పంటి గుంటకు వాడు ఇట్టి వెండి ముద్ద ప్రస్తావన ఉన్నది. యూరపులో ఇది 1826 ప్రాంతమున పారిసులో తావో అను దంతవైద్యుని పేరిట వాడుకలోనికి వచ్చినది. ఈ రెంటికిని నడుమ దాదాపు పన్నెండు వందల ఏండ్ల ఎడము. మొదట కనుగొన్నవాడెవడు అను ప్రశ్న ఎంత చిక్కైనదో దీనివలననే తెలియును.

1833లో క్రాకూర్ సోదరులు ఈ ముద్దను ఆడంబరమైన పేరుతో న్యూయార్కులో ప్రవేశపెట్టినారు. వారి పని నాసిరకము. బంగారు రేకుతో పండ్లు నింపు వైద్యులు దీనిపై కత్తికట్టినారు. 1840లో స్థాపితమైన అమెరికా దంతశస్త్రవైద్యుల సంఘము తన సభ్యులు ఈ ముద్దను వాడబోమని ప్రమాణము చేయవలెనని పట్టుపట్టి, ఆ కలహములోనే చీలి, 1856లో అంతరించినది. తగవు తీర్చినది ప్రమాణము కాదు, ప్రయోగము. జి. వి. బ్లాక్ వివిధ పాళ్ళలో లోహములను కలిపి, ఏ మిశ్రమము బిగియునో, ఏది ఉబ్బునో కొలిచి, ఆ ఫలితములను 1895 నుండి ప్రకటించినాడు. 1908లో వెలువడిన అతని గ్రంథము గుంటలను తరగతులుగా విభజించి, ఒక్కొక్క తరగతికి ఏ ఆకారమున చెక్కవలెనో నిర్ణయించినది. నేటికిని దంతవైద్య విద్యార్థి నేర్చుకొను మొదటి పాఠములలో బ్లాక్ తరగతులు ఒకటి.

ఆ చెక్కుటలో ఒక చిక్కు ఉన్నది. వెండి ముద్ద పంటికి అంటుకొనదు. పంటిలో ఇరుకుకొని నిలుచును. కావున గుంటను నోటివద్ద ఇరుకుగా, లోపల వెడల్పుగా చెక్కవలెను. అందుకై మంచి భాగమును కూడ కొంత కోల్పోవలసి వచ్చెడిది. పూరణము నిలుచుటకు అసలును కొంత బలియిచ్చుట ఇందలి లోపము. దీనిలో సుమారు సగము పాదరసమే. 2013లో కుదిరిన మినమాటా ఒడంబడికవలన అనేక దేశములు దీని వాడుకను తగ్గించుకొనుచున్నవి.

బంగారము విషయములో జరిగినది మరియొక కథ. 1907లో విలియం టాగర్ట్ అను అమెరికా దంతవైద్యుడు గుంట ఆకారమును మైనముతో తీసి, దాని అచ్చులో బంగారమును పోతపోయు పద్ధతిని ప్రదర్శించినాడు. మన కంచరివారికి మైనపు పోత అనాదినుండి తెలిసినదే. పంటికి అంత నిర్దిష్టముగా ఉపయోగించుట అతని నేర్పు. అతడు పేటెంటు తీసుకొని, ఆ పద్ధతిని వాడిన వైద్యులపై దావాలు వేసినాడు. కాని అయోవా రాష్ట్రములోని ఫిల్‌బ్రూక్ అను దంతవైద్యుడు దాదాపు పదేండ్ల క్రిందటనే తమ సంఘ సమావేశములో ఈ పద్ధతిని వివరించినట్లు బయటపడినది. పేటెంటు నిలువలేదు. పద్ధతిని లోకమంతట వ్యాపింపజేసినవాడు టాగర్ట్. ముందుగా చెప్పినవాడు ఫిల్‌బ్రూక్. కర్తృత్వమునకు ముందు చెప్పుట ప్రమాణమా, పనికివచ్చునట్లు చేయుట ప్రమాణమా అను ప్రశ్నకు న్యాయస్థానము ఒక జవాబు ఇచ్చినది. చరిత్ర ఇద్దరి పేర్లను వ్రాసికొన్నది.

పొత్తమునకు పట్టిన పిప్పి

పంటిలో పురుగు కల్పితము. పొత్తములో పురుగు నిజము. తాటియాకులకు చెదలు పట్టును. రామబాణపు పురుగు అక్షరములను తొలుచును. తడి తగిలి ఆకులు అతుకుకొనును, దారము తెగి ఆకులు తప్పిపోవును. నకలు వ్రాయువారు లేకున్న రెండు మూడు వందల ఏండ్లలో గ్రంథము నశించును. కావున మన ప్రాచీన గ్రంథములలో పూరణము పొందనివి కొద్ది.

దీనికి మొదటి సాక్ష్యము వైద్యమునుండియే లభించును. చరకసంహితకు మూలము అగ్నివేశుని తంత్రము. దానిని సంస్కరించినవాడు చరకుడు. చరకుని గ్రంథములోను కొంత భాగము లోపించగా దృఢబలుడు అను పండితుడు నింపినాడు. సంహితలో మొత్తము 120 అధ్యాయములు. చికిత్సాస్థానములో 17, కల్పస్థానములో 12, సిద్ధిస్థానములో 12, మొత్తము 41 అధ్యాయములు తాను పూరించినట్లు, పలు తంత్రములనుండి సారము ఏరికూర్చినట్లు దృఢబలుడు గ్రంథములోనే తెలిపినాడు. అనగా మూడవ వంతు పూరణమే. అయితే ఒక చిక్కు. చికిత్సాస్థానములోని 30 అధ్యాయముల వరుస అన్ని ప్రతులలో ఒక రీతిగా లేదు. అందుచేత ఆ 17 ఏవి అను విషయములో పండితులు వాదించుకొనవలసి వచ్చినది. నింపినవాడు నిజాయితీగా లెక్క చెప్పినాడు; చోటు గుర్తు చెరిగిపోయినది.

తెలుగువారికి ఇంతకంటె దగ్గరి ఉదాహరణము ఆంధ్ర మహాభారతము. 11వ శతాబ్దిలో రాజరాజ నరేంద్రుని కొలువులో నన్నయ ఆది, సభా పర్వములను ముగించి, అరణ్యపర్వము నాలుగవ ఆశ్వాసము నడుమ ఆగిపోయినాడు. 13వ శతాబ్దిలో తిక్కన విరాటపర్వమునుండి అందుకొని తుదివరకు పదునైదు పర్వములను రచించినాడు. నడుమ గుంట మిగిలినది. 14వ శతాబ్దిలో అద్దంకి ప్రోలయ వేమారెడ్డి ఆస్థానకవి ఎఱ్ఱాప్రగడ ఆ గుంటను పూడ్చినాడు. అతడు చేసిన పని విశేషమైనది. తన ప్రభువు పేర గాక, మూడు వందల ఏండ్ల నాటి రాజరాజు పేరనే దానిని చెప్పినాడు. మొదట నన్నయ శైలితో మొదలుపెట్టి, క్రమముగా తిక్కన శైలివైపు నడిపించినాడని విమర్శకులు మెచ్చుకొందురు. అతుకు రెండు వైపులా కనబడకుండ నునుపు చేసిన పూరణము ఇది. అయినను పర్వము చివర ఒక పద్యములో, నన్నయ రచనగానే ఈ శేషమును పూరించితినని తన పేరు చెప్పి ఊరకున్నాడు. ఆ ఒక్క పద్యము లేకున్న, నన్నయ తిక్కనలు ఇద్దరే మహాభారత కవులని మనము పొరబడియుండెడివారము.

ఆంధ్ర మహాభాగవతములో జరిగినది వేరు. పోతన రచనలో కొన్ని స్కంధములు శిథిలమైనవని కొందరు, శిష్యులే మొదటినుండి పాలు పంచుకొన్నారని కొందరు అందురు. ఏది నిజమైనను, ఐదవ స్కంధము గంగనది, ఆరవది ఏర్చూరి సింగనది, పదునొకటి పండ్రెండు స్కంధములు వెలిగందల నారయవి. ఆయా స్కంధముల చివరి గద్యలలో వారి పేర్లు ఉన్నవి. ఇది బంగారు పూరణము వంటిది, దూరమునుండియే కనబడును.

వేమన పద్యముల సంగతి మరియొక విధము. సి. పి. బ్రౌన్ అనేక ప్రతులు సేకరించి, సరిచూపించి, 1829లో ఆ పద్యములను అచ్చువేయించినాడు. ప్రతులలో పద్యముల సంఖ్యయు, పాఠములును ఒకదానితో ఒకటి కలియవు. వేమన మకుటము తగిలించి ఎవరైన పద్యము చెప్పవచ్చును. మకుటము ముద్ర వంటిదే గాని సంతకము కాదు. ఇక్కడ పూరణము ఎంతయో ఎవరును వ్రాసిపెట్టలేదు. కావున అసలు వేమన ఎవరన్న ప్రశ్న నేటికిని తెగలేదు.

కనబడని పూరణము

దంతవైద్యములో ఎఱ్ఱన వంటి పూరణము 20వ శతాబ్ది నడుమ సాధ్యమైనది. 1955లో అమెరికాలోని రోచెస్టరులో మైకేల్ బ్యూనొకోర్ ఒక చిన్న ప్రయోగము చేసినాడు. లోహమునకు రంగు బాగుగా పట్టుటకు కర్మాగారములలో ఫాస్ఫారిక్ ఆమ్లము పూయుదురు. అదే ఆమ్లమును పంటి పింగాణిపై అర నిమిషముంచి కడిగినాడు. ఉపరితలము సూక్ష్మముగా గరుకెక్కినది. దానిపై పూసిన ఆక్రిలిక్ రెజిను ముందుకంటె ఎంతో గట్టిగా పట్టుకొన్నది. పన్నును పుచ్చజేయునది ఆమ్లమే. పూరణమును అంటించునదియు ఆమ్లమే. మోతాదులోనే భేదము.

1962లో రఫేల్ బోవెన్ గాజు పొడిని ఒక క్రొత్త రెజినులో కలిపి పంటి రంగుగల మిశ్రమమునకు పేటెంటు పొందినాడు. నేటి కాంపోజిట్ పూరణములకు అది మూలము. 1970 ప్రాంతమున లండనులో విల్సన్, కెంట్ అను రసాయనజ్ఞులు గాజుపొడిని, పాలీఆక్రిలిక్ ఆమ్లమును కలిపి గ్లాస్ అయొనమర్ సిమెంటును చేసినారు. అది పంటిలోని కాల్షియముతో రసాయనికముగానే బంధించుకొని, కొద్దికొద్దిగా ఫ్లోరైడును విడుచును.

వీనివలన బ్లాక్ పద్ధతిలోని లోపము చాలవరకు తీరినది. పూరణము అంటుకొనును గనుక లోపల వెడల్పు చేయనక్కరలేదు. పుచ్చినంతవరకే తీసి, మంచి భాగమును ముట్టకుండుట నేటి సూత్రము. అద్దములో చూచుకొన్న రోగికే ఏది పన్నో, ఏది పూరణమో తెలియదు.

సమస్య ఇక్కడనే మొదలగును. ఏ పూరణమును శాశ్వతము కాదు. కొన్ని ఏండ్ల తరువాత అంచున సందు ఏర్పడి దానిని మార్చవలసి వచ్చును. అప్పుడు రెండవ వైద్యునికి హద్దు కనబడదు. పాత పూరణముతో పాటు మంచి పింగాణిని కూడ గీకివేయు ప్రమాదమున్నది. ఇందుకు ఒక ఉపాయము దొరికినది. ఊదారంగు కాంతి లేక అతినీలలోహిత కాంతి పడినచో పన్ను ఒక విధముగా మెరయును. అనేక కాంపోజిట్లు వేరొక విధముగా మెరయును. మామూలు వెలుతురులో కలిసిపోయినది ఆ కాంతిలో విడిపడును.

చేతిని గుర్తించుట

పూరణము వైద్యుని సంతకము కూడ కాగలదు. 1897 మే 4వ తేదీన పారిసులో ఒక ధర్మసంతలో మంటలు లేచి నూరుమందికి పైగా మరణించినారు. మృతులలో ఆస్ట్రియా సామ్రాజ్ఞి చెల్లెలు, అలాంసాన్ ప్రభుపత్ని ఒకరు. ఆమె దేహమును ఎవరును గుర్తింపలేకపోయినారు. ఆమె దంతవైద్యుడు డావెన్‌పోర్ట్ తన పట్టికను చూచుకొని, తాను చేసిన పూరణములను పోల్చి గుర్తించినాడు. మరుసటి ఏడు ఆస్కార్ అమోయెడో న్యాయవైద్యములో దంతశాస్త్రమును గూర్చి గ్రంథము వెలువరించినాడు. ఇక్కడ గమనింపవలసినది ఒకటే. పండ్లు నిలిచినందున మాత్రమే గుర్తింపు జరుగలేదు. నింపినవాడు వ్రాసిపెట్టినందున జరిగినది.

గ్రంథములకు ఇట్టి ఊదా కాంతి కలదా? ఆగస్టస్ డి మోర్గన్ అను గణితజ్ఞుడు మాటల సగటు పొడవును లెక్కించి రచయితను గుర్తింపవచ్చునేమో అని 1851లో ఒక ఉత్తరములో సూచించినాడు. 1887లో అమెరికా భౌతికశాస్త్రజ్ఞుడు మెండెన్‌హాల్ అట్టి లెక్కలను వక్రరేఖలుగా గీచి, ఒక్కొక్క రచయితకు ఒక్కొక్క రేఖ ఉండునని ప్రతిపాదించినాడు. అతని పద్ధతి మోటుది. ఒకే రచయిత నాటకమునకు, వ్యాసమునకు రేఖ మారిపోవును. కాని భావము మంచిది.

అది 1964లో పక్వమైనది. అమెరికా రాజ్యాంగమును సమర్థించుచు 1787-88లో ఒకే మారుపేరుతో వెలువడిన 85 వ్యాసములలో పండ్రెండు హామిల్టన్‌వా, మాడిసన్‌వా అని తగవు. మోస్టెల్లర్, వాలెస్ అను గణాంక శాస్త్రజ్ఞులు పెద్ద మాటలను విడిచిపెట్టి, ఎవరును పట్టించుకొనని చిన్న మాటలను లెక్కించినారు. "మీద" అను అర్థమునిచ్చు ఒక ఇంగ్లీషు మాటను హామిల్టన్ వేయి మాటలకు సుమారు మూడు తడవలు వాడును. మాడిసన్ వాడుట చాల అరుదు. ఇట్టి మాటలు అనేకము చూచి, ఆ పండ్రెండును మాడిసన్‌వే అను నిర్ణయమునకు వచ్చినారు. అనుకరించువాడు గంభీరమైన సమాసములను అనుకరించును. కాని, కూడ, ఐన, కదా వంటి మాటలను ఎవరు అనుకరింతురు? అలవాటు అక్కడనే బయటపడును.

కర్త అనగా ఎవరు?

రచయితను పట్టుకొను పద్ధతి గట్టిపడుచుండగానే, రచయిత అను భావమే ఎక్కడినుండి వచ్చినదని కొందరు అడుగసాగినారు. ఫ్రెంచి విమర్శకుడు రోలాఁ బార్త్ 1967లో, తత్త్వవేత్త మిషెల్ ఫూకో 1969లో ఈ ప్రశ్నను లేవదీసినారు. ఫూకో చెప్పిన ఒక సంగతి విజ్ఞాన విద్యార్థులకు ఆసక్తి కలిగించును. మధ్యయుగపు యూరపులో కథలు, గీతములు కర్త పేరు లేకయే చెల్లెడివి; వైద్య, ఖగోళ గ్రంథములకు మాత్రము ప్రామాణికుని పేరు కావలసియుండెను. 17, 18 శతాబ్దులలో ఇది తారుమారైనది. శాస్త్ర విషయమునకు ఋజువే ప్రమాణమైనది. కావ్యమునకు కర్త పేరు తప్పనిసరియైనది. 1710లో ఇంగ్లండులో అమలునకు వచ్చిన చట్టము గ్రంథకర్తకు హక్కును ఇచ్చినది. మన దేశములో 1957 నాటి కాపీరైటు చట్టము, హక్కు అమ్ముకొన్న తరువాత కూడ, తన పేరు చెప్పించుకొనుటకును, తన రచనను వికృతము చేయకుండ అడ్డుకొనుటకును రచయితకు ప్రత్యేకాధికారము ఉంచినది.

కృష్ణాతీరమువారికి ఈ చర్చ కొత్త కాదు. బందరు హిందూ ఉన్నత పాఠశాలలో పనిచేసిన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి, దివాకర్ల తిరుపతిశాస్త్రి కలిసి తిరుపతి వేంకట కవులైనారు. ఏ పద్యము ఎవరిదని వారు విడదీసి చెప్పలేదు. తిరుపతిశాస్త్రి మరణించిన పిదపను వేంకటశాస్త్రి జంట పేరుతోనే రచనలు ప్రకటించినాడు. కర్త అనగా ఒక్క వ్యక్తియే కానక్కరలేదని ఇందువలన తెలియును. ఎఱ్ఱన తన పేరును మరుగుపరచినాడు. వేంకటశాస్త్రి మిత్రుని పేరును నిలిపినాడు. ఇద్దరును అసత్యము చెప్పలేదు. జరిగినది ఏమిటో పాఠకునికి తెలియునట్లే ఉంచినారు. పేరు పెద్దదిగా ఉండుట ముఖ్యము కాదు, లెక్క దాచకుండుట ముఖ్యము.

వ్రాసిపెట్టుట

భారతదేశములో డాక్టర్ రఫీయుద్దీన్ అహమ్మద్ 1920లో కలకత్తాలో తొలి దంతవైద్య కళాశాలను స్థాపించి, 1928లో దంతపూరణ శాస్త్రముపై విద్యార్థులకు ఒక కరదీపికను రచించినాడు. 1948లో దంతవైద్యుల చట్టము వచ్చినది. హైదరాబాదులో 1959లో ప్రభుత్వ దంతవైద్య విద్య మొదలైనది. 1986లో ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయము విజయవాడలో వెలసినది. నగరములో ప్రభుత్వ దంతవైద్య కళాశాలయు ఉన్నది. గుంటను చెక్కుటతో పాటు, ఏ పంటి ఏ ముఖమున, ఏ తేదీన, ఏ పదార్థముతో నింపినది పట్టికలో వ్రాయుట అట్టి కళాశాలలలో నేర్పబడు విద్య. గవర్నర్‌పేటలో పన్ను బాగుచేయించుకొని వెడలు రోగి ఆ వివరములు గల చీటీని అడిగి తీసికొని దాచుకొనుట మేలు. పదేండ్ల తరువాత వేరొక ఊరిలో వేరొక వైద్యుడు ఆ పంటిని చూచునప్పుడు, మంచి పింగాణిని కాపాడునది ఆ చీటీయే.

పాఠశాలలో ఉపాధ్యాయులు దీనిని రెండు చిన్న ప్రయోగములతో చూపవచ్చును. కోడిగ్రుడ్డు పెంకును వినిగరులో ఉంచినచో ఒక రోజులో మెత్తబడును. పెంకులోని కాల్షియము లవణము పంటిలోనిది కాకపోయినను, ఆమ్లము చేయు పని పిల్లలకు తెలియును. రెండవది లెక్కపెట్టుట. అరణ్యపర్వములో నన్నయ భాగమునుండి వేయి మాటలు, ఎఱ్ఱన భాగమునుండి వేయి మాటలు తీసికొని, కాని, అట్లు, మరి, ఐన వంటి చిన్న మాటలు ఎన్నిమారులు వచ్చినవో పట్టిక వేయవచ్చును. ఒక్క తరగతి వేసిన లెక్కతో తీర్పు చెప్పరాదు. ఛందస్సు, కథాసందర్భము కూడ మాటలను మార్చును. అయినను ఒక పద్యమును ఎవరు చెప్పినారని అడుగుటయు, జవాబునకు ఆధారము చూపుటయు విద్యార్థికి అలవాటగును. ఒక బాలుడు తోటివాని వ్యాసములో రెండు పంక్తులు చేర్చి తన పేరు వ్రాసికొన్ననాడు ఈ అలవాటే గురువునకు అక్కరకు వచ్చును. పుచ్చినంతవరకే తీయుము, అసలును కాపాడుము, నింపినది నింపినట్లు వ్రాసిపెట్టుము. దంతవైద్యునికి, పండితునికి, విద్యార్థికి ఈ మూడు నియమములును సమానమే.